చూపు 6/6 ఉన్నా అక్షరాలు ఎందుకు ఆనవు?

‘వీడికి చదువు అబ్బదు.’ మన వాడల పిల్లల గురించి బడిలో ఇంత తేలిగ్గా అనేసే మాట మరొకటి ఉండదు. పుస్తకం తెరిస్తే ఆవలిస్తాడు, ఒక లైను చదివి రెండో లైను వదిలేస్తాడు, నోటితో చెప్పమంటే చెబుతాడు గానీ చూసి చదవమంటే నీళ్లు నములుతాడు. టీచరు దీన్ని అశ్రద్ధ అంటాడు. ఆ అశ్రద్ధకు కారణం ఏమిటని అడిగితే ‘ఇంటి వాతావరణం’ అంటాడు. ఆ రెండు మాటల వెనుక ఏముందో మనకు తెలుసు.

ఇలాంటి పిల్లల్లో అందరికీ కాకపోయినా కొందరికి అసలు ఇబ్బంది కళ్లలో ఉంటుంది. బడికి వచ్చిన కంటి శిబిరంలో వాళ్లను చూసి ‘చూపు 6/6, ఏ లోపమూ లేదు’ అని రాసి పంపేసి ఉంటారు. ఆ రాత తప్పు కాదు. ఆ పరీక్ష కొలిచింది దూరపు చూపును. పిల్లవాడు రోజుకు ఐదారు గంటలు కష్టపడేది దగ్గరి చూపుతో. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ఏమిటి, దానికి ‘విజన్ థెరపీ’ పేరుతో చేయించే కంటి వ్యాయామాలు నిజంగా పనిచేస్తాయా, ఎక్కడ పనిచేయవు, మన పిల్లల కోసం మనం ఏం అడగాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

దగ్గరగా చూడటానికి కన్ను చేసే రెండు పనులు

సూది బెజ్జంలో దారం ఎక్కిస్తున్న అమ్మను గమనించండి. సూదిని కళ్ల దగ్గరకు తెచ్చుకుంటుంది. ఆ క్షణంలో కళ్లు రెండు పనులు ఒకేసారి చేస్తాయి.

మొదటిది, కంటి లోపలి కటకం ఉబ్బడం. దూరంగా చూసేటప్పుడు అది పల్చగా ఉంటుంది. దగ్గరి వస్తువు మీద చూపు నిలపాలంటే చుట్టూ ఉన్న సిలియరీ కండరం బిగుసుకోవాలి. అప్పుడు కటకం గుండ్రంగా మారి బొమ్మ స్పష్టంగా పడుతుంది. నలభై దాటాక ఈ కటకం గట్టిపడి మాట వినదు. దాన్నే చత్వారం అంటాం. పిల్లల్లో కటకం మెత్తగానే ఉంటుంది, కానీ కొందరిలో దాన్ని సర్దుకునే శక్తి వయసుకు తగినంత ఉండదు. మరికొందరిలో శక్తి ఉన్నా, బోర్డు నుంచి నోటుపుస్తకానికి, నోటుపుస్తకం నుంచి బోర్డుకు చూపు మార్చినప్పుడల్లా సర్దుకోవడం ఆలస్యమవుతుంది.

దీనికి ఒక మోటు లెక్క ఉంది. వయసును 4తో భాగించి, వచ్చినదాన్ని 15లోంచి తీసేయండి. 12 ఏళ్ల పిల్లకు 15లోంచి 3 పోగా 12 మిగులుతుంది. అంటే ఆ పిల్ల కంటికి కనీసం 12 డయాప్టర్ల సర్దుబాటు శక్తి ఉండాలి. మామూలు మాటల్లో చెప్పాలంటే, అక్షరాన్ని కంటికి సుమారు 8 సెంటీమీటర్ల దూరం దాకా తెచ్చినా అలుక్కుపోకుండా కనిపించాలి. ‘అంత దగ్గర పెట్టుకుని ఎవరు చదువుతారు?’ అని మీరు అడగవచ్చు. బరువు మోసే మనిషికి మోసేదానికంటే ఎక్కువ బలం ఉంటేనే రోజంతా మోయగలడు. కన్ను కూడా అంతే. ఉన్న శక్తినంతా ఖర్చుపెడితేనే పుస్తకం ఆనే పిల్లకు పది నిమిషాలకే తలనొప్పి వస్తుంది.

రెండో పని, రెండు కళ్లూ ముక్కు వైపు కాస్త లోపలికి తిరగడం. రెండు కళ్లూ ఒకే అక్షరం మీద వాలితేనే మెదడు రెండు బొమ్మలను కలిపి ఒకటిగా చూపిస్తుంది. ఈ తిరగడం సరిగా కుదరకపోతే అక్షరాలు జంటగా కనిపిస్తాయి, లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, కదులుతున్నట్లు ఉంటాయి. దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. మనం ‘చూపు కలవకపోవడం’ అనుకోవచ్చు. ఇది మెల్లకన్ను లాంటిది కాదు. మెల్లకన్ను ఎదుటివాళ్లకు కనిపిస్తుంది. ఇది పైకి ఏమీ కనిపించదు, చదివే పిల్లకు తప్ప.

ఆ పిల్లకు కూడా అది లోపమని తెలియదు. పుట్టినప్పటి నుంచి తన కళ్లతో మాత్రమే చూసిన బిడ్డ, పక్కవాళ్లకు అక్షరాలు కదలకుండా నిలబడతాయని ఎలా ఊహించగలదు?

శిబిరాలు ఎందుకు పట్టుకోలేకపోతున్నాయి

దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. బడిపిల్లల కంటి పరీక్షలు, పేద పిల్లలకు ఉచిత కళ్లజోళ్లు అందులో భాగం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లలోపు పిల్లల్లో గుర్తించాల్సిన సమస్యల జాబితాలో చూపు లోపాన్నీ చేర్చింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అదే పేరుతో మొదలైన పథకం ముందుగా బడిపిల్లలనే తీసుకుంది. వీటివల్ల ఎందరో పిల్లల ముఖాల మీదికి మొదటిసారి కళ్లజోడు వచ్చింది. అది చిన్న విషయం కాదు. కూలి మానుకుని పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లలేని ఇళ్లకు ఆ శిబిరమే ఆసుపత్రి.

అయితే బడి శిబిరంలో తొలి వడపోత ఎక్కువగా ఒక్క చార్టుతోనే జరుగుతుంది. పిల్లను దూరంగా నిలబెట్టి, ఒక కన్ను మూయించి, చిన్న అక్షరాలు చదివిస్తారు. బోర్డు కనిపించని హ్రస్వదృష్టి పిల్లలు ఇందులో దొరికిపోతారు. కానీ ఒక్కో కన్నును విడిగా చూసే పరీక్షలో రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయో లేదో తెలియదు. దూరపు అక్షరాలు చదివించే పరీక్షలో దగ్గరి సర్దుబాటు ఎలా ఉందో తెలియదు.

దీర్ఘదృష్టి ఉన్న పిల్లలు కూడా కొందరు ఇక్కడ తప్పించుకుంటారు. వాళ్ల కంటి కటకం దూరం చూడటానికే సగం శక్తి ఖర్చుచేసి 6/6 సాధిస్తుంది. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మిగిలేది తక్కువ. దీన్ని నిర్ధారించాలంటే కంట్లో చుక్కలు వేసి, ఆ సర్దుబాటును కాసేపు ఆపి కొలవాలి. వీళ్లకు కావాల్సింది వ్యాయామాలు కాదు, సరైన ప్లస్ అద్దాలు.

ఎంతమంది పిల్లలు?

తమిళనాడులో చెన్నైలోని శంకర నేత్రాలయకు చెందిన పరిశోధకులు ‘బ్యాండ్’ పేరుతో ఒక అధ్యయనం చేశారు. 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 920 మంది బడిపిల్లల కళ్లను పట్టణంలోనూ పల్లెలోనూ పరీక్షించారు. 2017లో అచ్చయిన ఫలితాల ప్రకారం, మెల్లకన్ను లేకుండానే రెండు కళ్ల సమన్వయంలోనో సర్దుబాటులోనో తేడా ఉన్న పిల్లలు పట్టణంలో 31.5 శాతం, పల్లెలో 29.6 శాతం. చూపు కలవకపోవడం ఒక్కటే పట్టణంలో 16.5 శాతం, పల్లెలో 17.6 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇది ఒక రాష్ట్రంలోని కొన్ని బడుల చిత్రం. తేడా ఉన్న ప్రతి పిల్లకూ ఇబ్బంది ఉండాలని లేదు, ఇబ్బంది ఉన్న ప్రతి పిల్లకూ చికిత్స అవసరం పడదు. అయినా ఒక సంగతి తేలిపోయింది. ఇది నూటికో కోటికో ఒకరికి వచ్చేది కాదు. నలభై మంది ఉన్న తరగతిలో ఇలాంటి పిల్లలు కొందరు ఉండి తీరతారు. పల్లె, పట్నం తేడా కూడా పెద్దగా లేదు. తేడా అంతా ఆ తర్వాత వస్తుంది. ఒక ఇంట్లో పిల్ల ‘తలనొప్పి’ అనగానే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు. ఇంకో ఇంటి పిల్ల అదే మాట అంటే బడిలో ‘సాకు’ అవుతుంది.

కంటి లోపం కుల లక్షణంగా మారే చోటు

హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2014లో ఆంధ్రప్రదేశ్, బీహార్, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలలో బడులను చూసి నివేదిక రాసింది. దళిత పిల్లలను విడిగా కూర్చోబెట్టడం, అవమానించే మాటలు అనడం అందులో నమోదయ్యాయి. అంబేడ్కర్‌ను బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టిన కాలం పోయిందని అనుకునేవాళ్లు దాన్ని చదవాలి.

రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు ఇండియాలో ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. పిల్లల జవాబు పత్రాల మీద కులం వగైరా వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి టీచర్లతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు సగటున కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే, కానీ అది జవాబులోంచి వచ్చింది కాదు, చదివినవాడి మనసులోంచి వచ్చింది.

ఈ రెండు విషయాలనూ కంటి సమస్య పక్కన పెట్టి చూడండి. చదవడం తప్పించుకునే పిల్లకు రెండు వివరణలు సాధ్యం. ‘కళ్లకు ఏమైనా ఇబ్బంది ఉందేమో చూపించండి’ అన్నది ఒకటి. ‘వీళ్లింతే’ అన్నది ఇంకొకటి. ఏ పిల్లకు ఏ వివరణ దొరుకుతుందన్నది ఆ పిల్ల కంటిని బట్టి తేలడం లేదు. పైగా వెనుక బెంచీలో మసక వెలుతురులో కూర్చున్న పిల్ల కంటి ఇబ్బందిని గమనించే టీచరు ఎవరు? నా పరిశోధనలో భాగంగా హాస్టల్ పిల్లలతో మాట్లాడినప్పుడు, ‘అక్షరాలు కదులుతున్నాయని సారుకి చెప్పావా?’ అంటే ‘చెబితే నవ్వుతారు’ అన్న జవాబు ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను.

విజన్ థెరపీ అంటే ఏం చేయిస్తారు?

విజన్ థెరపీ పేరుతో చాలా రకాలు చలామణిలో ఉన్నాయి. పరిశోధనలో నిలబడినది ఒక ఇరుకైన భాగమే. చూపు కలపడం, సర్దుబాటు చేయడం అనే రెండు పనులను పదేపదే అభ్యాసం చేయించడం అది.

అందరికీ తెలిసినది పెన్సిల్ వ్యాయామం. పెన్సిల్ మీద చిన్న అక్షరం అంటించి చేయి చాపినంత దూరంలో పట్టుకుంటారు. దాన్ని మెల్లగా ముక్కు వైపు తెస్తూ, అక్షరం ఒకటిగానే కనిపించేలా చూపు బిగబట్టాలి. రెండుగా విడిపోగానే కలపడానికి ప్రయత్నించి, కుదరకపోతే వెనక్కి జరపాలి.

ఇంకొకటి బ్రాక్ దారం. మూడు రంగుల పూసలు గుచ్చిన దారాన్ని ఒక కొస ముక్కు దగ్గర, ఇంకో కొస గోడకు కట్టి పట్టుకుంటారు. ఒక పూస మీద చూపు నిలిపితే, రెండు కళ్లూ పనిచేస్తున్నప్పుడు దారం రెండుగా కనిపించి సరిగ్గా ఆ పూస దగ్గర అడ్డంగా దాటుకుంటుంది. ఒక్క దారమే కనిపిస్తే మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెట్టేస్తోందని అర్థం. అలాగే ప్లస్, మైనస్ అద్దాలను మార్చి మార్చి పెట్టి చదివించడం, గోడ మీది చార్టునూ చేతిలోని చార్టునూ ఒకదాని తర్వాత ఒకటి చదివించడం సర్దుబాటుకు చేయించే అభ్యాసాలు. కొన్ని క్లినిక్‌లలో కంప్యూటర్ మీద కూడా చేయిస్తారు.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

అమెరికాలో చేసిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. చూపు కలవని 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 221 మందిని లాటరీ పద్ధతిలో నాలుగు జట్లుగా విడదీసి 12 వారాలు చూశారు. ఒక జట్టు వారానికి ఒకసారి క్లినిక్‌కు వచ్చి గంటసేపు శిక్షకుల దగ్గర అభ్యాసం చేసి, ఇంట్లోనూ రోజూ పావుగంట చేసింది. రెండో జట్టు ఇంట్లో పెన్సిల్ వ్యాయామమే చేసింది. మూడో జట్టు ఇంట్లో కంప్యూటర్ అభ్యాసమూ పెన్సిలూ చేసింది. నాలుగో జట్టుకు క్లినిక్‌లోనే చికిత్సలా కనిపించే ఉత్తుత్తి అభ్యాసాలు చేయించారు.

బాగుపడిన లేదా మెరుగుపడిన పిల్లలు మొదటి జట్టులో 73 శాతం. పెన్సిల్ జట్టులో 43, కంప్యూటర్ జట్టులో 33, ఉత్తుత్తి జట్టులో 35 శాతం. అంటే శిక్షకుల పర్యవేక్షణలో చేసిన అభ్యాసం నిజంగా పనిచేసింది. ఇంట్లో ఒంటరిగా చేసిన పెన్సిల్ వ్యాయామం ఉత్తుత్తి చికిత్సను స్పష్టంగా దాటలేకపోయింది. బాగుపడిన పిల్లల్లో ఎక్కువమందికి ఏడాది తర్వాతా ఆ మేలు నిలిచింది.

ఇక్కడ ఆగిపోతే కథ సగమే. ‘కళ్లు బాగుపడితే చదువూ బాగుపడుతుందా?’ అన్న ప్రశ్నకు అదే పరిశోధకుల వర్గం ఇంకో ప్రయోగం చేసింది. 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 311 మంది, 16 వారాలు. 2019లో ఫలితాలు వచ్చాయి. చదివి అర్థం చేసుకునే సామర్థ్యంలో నిజమైన థెరపీ జట్టుకూ ఉత్తుత్తి జట్టుకూ తేడా కనిపించలేదు. డిస్లెక్సియాకు కంటి వ్యాయామాలు చికిత్స కాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘం 2009లోనే కలిసి ప్రకటించాయి. డిస్లెక్సియా అక్షరాన్నీ శబ్దాన్నీ మెదడు జోడించే తీరుకు సంబంధించినది. దానికి కావాల్సింది ఓపికగా, పద్ధతిగా చదవడం నేర్పే టీచరు.

కాబట్టి మనం పట్టుకోవాల్సిన మాట ఇది: చూపు కలవని పిల్లకు సరైన థెరపీ తలనొప్పినీ, అక్షరాలు రెండుగా కనిపించడాన్నీ తగ్గించవచ్చు. నొప్పి లేకుండా పుస్తకం ముందు కూర్చోవడం ఏ బిడ్డకైనా హక్కే. దాన్ని మార్కుల లెక్కతో కొలవనక్కర్లేదు. అలాగని మార్కులు పెరుగుతాయని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీకి ఆధారం లేదు.

ఆశను అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త

నగరాల్లో విజన్ థెరపీ ఇప్పుడు ప్యాకేజీగా అమ్ముడవుతోంది. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ర్యాంకు, అన్నీ అందులోనే అంటారు. మొదటి తరం చదువుకుంటున్న బిడ్డ కోసం అప్పు చేయడానికైనా వెనుకాడని తల్లిదండ్రులు మనవాళ్లు. అందుకే డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మా బిడ్డకు ఉన్న లోపం పేరు ఏమిటి, కాగితం మీద రాసిస్తారా? చుక్కలు వేసి చూశారా, అద్దాలతో సరిపోతుందా? ఎన్ని వారాలు చేయాలి, బాగుపడిందని ఏ కొలతతో తెలుస్తుంది? ఆ గడువులో మార్పు రాకపోతే ఏం చేస్తారు? సూటిగా జవాబు చెప్పని చోట నుంచి లేచి వచ్చేయండి.

యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టడమూ మంచిది కాదు. ఉన్నట్టుండి వస్తువులు రెండుగా కనిపించడం, కొత్తగా మెల్ల రావడం, రెప్ప వాలిపోవడం, కనుపాపలో తెల్లటి మెరుపు కనిపించడం జరిగితే వ్యాయామాల మాట పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. ‘మెల్లకన్ను అదృష్టం’ అని వదిలేస్తే చిన్న వయసులోనే ఒక కంటి చూపు మందగించిపోవచ్చు.

మనం చేయగలిగింది, అడగాల్సింది

ఇంట్లో, హాస్టల్లో ముందు పిల్లలను అడగండి. ‘బిడ్డా, చదివేటప్పుడు అక్షరాలు కదులుతున్నాయా? రెండుగా కనబడుతున్నాయా? ఒకే లైను మళ్లీ మళ్లీ చదువుతున్నావా? చదివాక తల నొస్తుందా? ఒక కన్ను మూసుకుంటే తేలిగ్గా ఉంటుందా?’ ఈ ఐదింటిలో రెండు మూడింటికి ‘అవును’ అంటే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి, ‘దగ్గరి చూపు, రెండు కళ్ల కలయిక పరీక్షించండి’ అని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే మళ్లీ 6/6 రాసి పంపేస్తారు. హైదరాబాద్‌లో సరోజినీ దేవి, విశాఖపట్నంలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కట్టుకోలేనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తుంది.

బడి శిబిరాల్లో ఒక పెన్సిలు, ఒక స్కేలు చేర్చమని అడగాలి. పెన్సిల్ మొనను ముక్కు వైపు తెస్తే సుమారు 6 సెంటీమీటర్ల దగ్గరి దాకా పిల్లలకు ఒకటిగానే కనిపించాలి. చాలా ముందే విడిపోతున్న పిల్లను పైకి పంపాలి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. బ్యాండ్ పరిశోధకులు కూడా మూడు తేలికపాటి పరీక్షలతోనే బడిలో ఇలాంటి పిల్లలను వడకట్టవచ్చని చూపారు. జిల్లా ఆసుపత్రిలో ఈ అభ్యాసాలు చేయించగల ఒక ఆప్టోమెట్రిస్టు ఉండాలి. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో పిల్లలు ఒకేచోట ఉంటారు కాబట్టి వారానికి ఒకసారి పర్యవేక్షణ పెట్టడం బయటి బడుల కంటే తేలిక. ప్రయోగంలో గెలిచింది పర్యవేక్షణే అని గుర్తుంచుకోండి. కంటి పరీక్షల లెక్కలను కులం వారీగా, హాస్టళ్ల వారీగా బయటపెట్టమని కూడా అడగాలి. ఎవరికి పరీక్ష అందింది, ఎవరికి అద్దం అందింది, ఎవరు మళ్లీ ఆసుపత్రికి వెళ్లగలిగారు అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. చదువులో వెనుకబడిన ప్రతి దళిత బిడ్డకూ కంటి లోపం అంటగట్టడం మొదలైతే అది ఇంకో రకం తప్పించుకోవడం అవుతుంది. టీచరు లేని బడి, అర్థం కాని భాషలో పాఠం, విడిగా వేసిన బెంచీ, వీటికి కంటి వ్యాయామం లేదు. కంటిని పరీక్షించాక, అది బాగుందని తేలాక, పరీక్షించాల్సింది బడినే. ఆ వరుసలో అడుగుతూ పోతే ‘చదువు అబ్బదు’ అన్న మాటకు చోటు మిగలదు.